ఆదివారం అరువు

దర్జీ కూతురి లంచ్ బాక్సులో బీన్స్ కూరతో పాటు బ్యాండేజీ ముక్క కూడా స్కూలుకి వెళ్ళింది.

ఆ సంగతి పిల్ల పెద్దమ్మ చెవిన పడింది. సాయంత్రానికల్లా ఆవిడ దర్జీ ఇంట్లో ఉంది.

దర్జీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చూపించండి మరిదిగారూ."

పది వేళ్ళలో నాలుగింటికి కట్లున్నాయి.

"ఈ వేళ్ళతో బట్టలేం కుడతారు, పిల్లకేం వండుతారు? దాన్ని మా ఇంటికి పంపండి. మా చెల్లెలే ఉంటే ఈ మాట అనేదాన్ని కాదు."

"నా కూతురు నా దగ్గరే ఉంటుంది వదినా. నాకెవరి సాయం అక్కర్లేదు."

అది అతనికి ఊతపదం. భార్య పోయిన ఈ ఏడాదిలో ఇరుగుపొరుగు ఎవరు గిన్నెడు కూర పంపినా మూత తియ్యకుండా వెనక్కి పంపాడు. మనిషికి పౌరుషం ఉండాల్సిందే గాని, ఇతని దగ్గర దాని మోతాదు కాస్త మించింది.

"మూడు నెలలు చూస్తాను. అప్పుడొచ్చి మీ చేతి వంట తింటాను. బాగుంటే సరే, లేకపోతే పిల్ల బట్టలు సర్దండి," అని ఆవిడ చెప్పులేసుకుంది.

ఆ ఆదివారమే మేడ మీది గదిలో ఉండే ముసలాయన మొదటిసారి తలుపు తట్టాడు. మనిషి సన్నం, మాట మెత్తన.

"బాబూ, ఒక గంట మీ కత్తి ఇస్తారా? నాలుగు ఉల్లిపాయలు కోసుకుని ఇచ్చేస్తాను."

ఇచ్చాడు. గంట తిరిగేసరికి కడిగి, తుడిచి, పిడి ముందుకు పెట్టి తెచ్చిచ్చాడు ముసలాయన.

మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు.

"ఇంత వయసొచ్చింది, ఇంట్లో కత్తి లేదట చూడు," అని దర్జీ గొణిగాడు.

"పోనీలే నాన్నా. కత్తి తాత మంచివాడు," అంది కూతురు.

ఒకసారి ముసలాయన కత్తి అందిస్తూ, "స్టీలు పళ్ళెంలో పెట్టి కొయ్యకండి బాబూ, చెక్క మీద కొయ్యండి. సింకులో గిన్నెల మధ్య పడెయ్యకండి," అన్నాడు.

పుచ్చుకునేది అరువు, పైన సలహాలొకటి అనుకున్నాడు దర్జీ. అనుకుంటూనే ఓ చెక్క పలక తెచ్చి పెట్టుకున్నాడు.

మెల్లగా అతని వంట దారిన పడింది. టమాటా నలగడం మానింది. క్యారెట్ ముక్కలన్నీ ఒక్క తీరుగా తెగి, ఒక్కసారే ఉడికాయి. వేళ్ళ కట్లు ఊడిపోయాయి.

"మీ నాన్నకి చెయ్యి తిరిగింది అమ్మడూ," అని తెగ మురిసిపోయాడు.

మూడో నెల నిండగానే పెద్దమ్మ వచ్చింది. తింది. ఒక ముక్క వేళ్ళతో తీసి అటూ ఇటూ చూసింది. అడక్కుండానే రెండోసారి వడ్డించుకుంది.

"పిల్ల ఇక్కడే ఉండనివ్వండి," అంది.

దర్జీకి ఆ రోజు కాలు నేల మీద ఆనలేదు. గెలిచిన మనిషి కదా, ఆ వారం ముసలాయన వస్తే గుమ్మంలోనే నిలబెట్టేశాడు.

"ఎన్నాళ్ళండీ ఈ అరువు? ఒక కత్తి కొనుక్కోకూడదూ?"

ముసలాయన చిన్నబుచ్చుకోలేదు.

"పాప బాక్సు ఖాళీగా వస్తోందా బాబూ?"

"శుభ్రంగా వస్తోంది. ఎందుకూ?"

"అయితే సరే. ఇక రాన్లెండి."

రెండు నెలలు గడిచాయి. టమాటాలు మళ్ళీ నలగసాగాయి. దర్జీ కూరగాయల ఆవిడతో పోట్లాడాడు. ఓ పొద్దున క్యారెట్ మీద బలంగా నొక్కితే కత్తి జారి బొటనవేలు తెగింది. ఊరందరి బట్టలకీ కుట్లు వేసే మనిషి వేలికి డాక్టరు నాలుగు కుట్లు వేశాడు.

కత్తి పట్టుకుని సామాన్ల కొట్టుకి వెళ్ళాడు.

"ఇది పనికిరాదు. కొత్తది ఇవ్వండి."

కొట్టాయన అంచు మీద గోరు ఆనించి చూశాడు.

"మంచి కత్తండీ ఇది. మొద్దుబారింది, అంతే. పదునుంటే దానంతట అది తెగుతుంది. లేకపోతే మనం నొక్కుతాం, అది జారి వేలు మీదకొస్తుంది. మీరేం చేస్తుంటారు?"

"దర్జీని."

"కత్తెరకి పదును పెట్టించరూ?"

"నెలనెలా పెట్టిస్తాను."

"మరి దీనికో?"

తన కత్తెరతో కాగితం కోసిందని కన్నకూతుర్నే కేకలేసిన మనిషికి, కత్తికీ పదును కావాలని ఎన్నడూ తోచలేదు.

"మొన్నమొన్నటి దాకా ఎవరో దీన్ని కనిపెట్టుకుని ఉన్నారు," అన్నాడు కొట్టాయన కత్తిని వెలుతురుకి పెట్టి. "మొదలు నుంచి మొన దాకా ఒకటే వాలు చూడండి. వారం వారం సాన మీద పెడితే గాని ఇలా రాదు. చెయ్యి తిరిగిన వాళ్ళ పని."

దర్జీకి ఒక్కో ఆదివారమే గుర్తుకొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గది తలుపులు తీసున్నాయి. ఇంటి ఓనరమ్మ లోపల ఊడుస్తోంది.

"ఆయనా? ఒంట్లో బాగోలేదని వాళ్ళ చెల్లెలొచ్చి తీసుకెళ్ళింది కదా. మొన్న పోయారని కబురొచ్చింది."

దర్జీ గడప మీద కూలబడ్డాడు.

"ఆయనకి కత్తి లేదుగా, మా కత్తే..."

"కత్తి లేకపోవడమేమిటండీ? పెట్టెడు కత్తులుండేవి. పెద్ద హోటల్లో కొత్త వంటవాళ్ళకి కత్తి పట్టడం నేర్పిన మాస్టరు ఆయన. మీ వంటింటి చప్పుడు పైకి వినిపిస్తే, పాపం కత్తి మొద్దుబారింది, చేతులు కోసుకుంటాడు అనేవారు."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నేనూ అదే అన్నాను. 'దర్జీగారు ఎవరి సాయమూ పుచ్చుకోరమ్మా, అందుకే నేనే వెళ్ళి అడుక్కుంటున్నాను' అన్నారు."