కంచె లోపలి ఇల్లు

“ఈ పిల్లలకి సొంత ఇల్లు కూడా తెలీదా గున్వోర్?” కంప్యూటర్ ముందు ఎస్కిల్ కళ్ళు నులుముకున్నాడు.

మూడో తరగతికి ఆ టీచర్లిద్దరూ తయారుచేస్తున్న ఆన్‌లైన్ భూగోళం పాఠంలో మొదటి పని, స్వీడన్‌లోని తమ గనుల ఊరు కిరునా పటంలో ఎవరింటి మీద వాళ్ళు గుర్తు పెట్టడం.

“ఎవరో మళ్ళీ మళ్ళీ గని కంచె లోపలే పెడుతున్నారు. ఆ వీధులన్నీ గని కోసం కూల్చేస్తేనే కదా మనం కొత్త ఊళ్ళోకి వచ్చాం. అక్కడిప్పుడు నక్కలు కాపురముంటాయి గానీ మనుషులుంటారా?”

గున్వోర్ చల్లారిన కాఫీ పక్కన పెట్టింది. “పిల్లలింకా తెరవనే లేదు. పనిచేస్తుందో లేదో అని నేనే మా ఇంటి మీద గుర్తు పెట్టి చూశాను.”

ఎస్కిల్ ఆ గుర్తు పక్కన తెర చూపిస్తున్న ‘తప్పు’ అన్న మాట చెరిపేసి, ఆ చోట ‘మీ వంటింటి కిటికీలోంచి ఏం కనిపించేది?’ అని కొట్టాడు.

కీబోర్డు ఆమె వైపు జరిపాడు.

“ముందు నువ్వు రాయి.”