గట్టు మీది ఎర్ర గింజలు

రాజేశం మక్కజొన్న చేను గట్టు మీద ఎవరో వంగి గింజలు ఏరుతున్నాడు.

మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చంకలో గొడుగు. ఊరి మనిషి కాదు.

రాజేశం దూరం నుంచే చూశాడు. పొద్దున విత్తనం వేసిన ట్రాక్టరు మలుపు తిరిగిన చోటల్లా పురుగుమందు పూసిన ఎర్ర గింజలు పైనే పడి ఉన్నాయి. అలా పైన గింజ కనబడితే జరిమానా వేయాలని, ఆ రైతు పేరు మైకులో చదవాలని మొన్ననే పంచాయతీలో తీర్మానం చేశారు. మండలం నుంచి మనిషి వచ్చి చూస్తాడన్నారు.

ఆ తీర్మానానికి అందరికన్నా ముందు చేయెత్తిన వార్డు మెంబరు రాజేశమే!

"పోశవ్వా, సారొచ్చిండే!" అన్నాడు భార్యతో గొంతు తగ్గించి.

"ఏ సారు?"

"గింజల సారు. రేపు మైకుల నా పేరే సదువుతరు. ఇజ్జత్ పోతది."

ఇద్దరూ పరుగున వెళ్లారు.

"ఎండల నిలవడ్డరు. జర నీడకు కూసోండ్రి సార్."

ఆ మనిషి నవ్వాడు. "నేను సారును కాదండీ."

ఆ 'అండీ' వినగానే రాజేశానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"ఆఫీసర్లు గిట్లనే అంటరు" అన్నాడు భార్య చెవిలో.

"ఏ ఊరు సార్ మీది?" అడిగింది పోశవ్వ.

"నెల్లూరు వైపమ్మా. ఈ గింజలు పైన వదిలేయకండి. లోతుగా మట్టి కప్పితే చాలు."

"కప్పుతం సార్, ఇప్పుడే కప్పుతం. పేరు మాత్రం రాసుకోకుండ్రి."

"నేను రాసేదేం లేదండీ. ఆ పార ఇలా ఇవ్వండి."

సారు పార పట్టేసరికి రాజేశం సగం చచ్చిపోయాడు.

ముగ్గురూ గట్టు పొడవునా మట్టి కప్పారు. కాలువ పక్కన గడ్డిలో జారిన గింజలను కూడా ఆయన వదల్లేదు. అన్నీ ఏరి గుంతలో పూడ్చి, సబ్బుతో చేతులు కడిగించాడు.

"ఇంటికి రాండ్రి సార్, కోడిని కోస్త" అంది పోశవ్వ.

"వద్దమ్మా. ఉన్నదే పెట్టు."

సద్ది విప్పితే జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఆయన కడుపు నిండా తిన్నాడు. అంత పెద్ద సారు అలా తింటుంటే పోశవ్వకు మనసు నిండిపోయింది.

వెళ్లేటప్పుడు రాజేశం చేతులు కట్టుకుని అన్నాడు. "పక్క చేను రాయమల్లుది సార్. ఆని గెట్టు మీద ఇంకా మస్తు పడ్డయ్."

"అటే పోతున్నానండీ."

గండం గడిచినందుకు రాజేశం ఆ సాయంత్రం హోటల్లో అందరికీ చాయ్ తాగించాడు.

రెండు రోజులకు, వరి కోసిన పక్క మళ్లలోకి బాతుల మంద దిగింది. బాతులు గోలగోలగా గట్టు దాకా మేసి, కాలువలోకి దిగి ఈత కొట్టాయి. చూడముచ్చటగా ఉంది. రాజేశం కాపరిని పలకరించాడు.

"ఏడికెల్లి వచ్చిండ్రు తమ్మీ?"

"నెల్లూరు నుంచి అన్నా."

"మొన్న మీ దిక్కు సారే వచ్చిండు. గొడుగు వట్టుకొని. బంగారమసొంటి మనిషి."

కాపరి నవ్వాడు. "సారేంటన్నా! మా పెద్దాయన. మా మందల కన్నా ముందు నడిచి, గట్లన్నీ చూసి, 'ఇక దించుకోండి' అని మాకు ఫోన్ చేస్తాడు."

రాజేశం సిగ్గుపడి, వెంటనే తనూ నవ్వేశాడు. "సారైతేంది, కాకుంటేంది! ఇంటికి తోలియ్యి. ఈసారి కోడి కోసే పెడుత."

"నిన్ననే ఊరికి బస్సెక్కాడన్నా. ఇక రాడు."

"అదేంది! మరి ఆయన మంద?"

కాపరి కాలువలో ఈదుతున్న బాతుల వైపు చూశాడు.

"ఆయనకు మంద లేదన్నా. పోయినేడు ఈ గట్టు మీది ఎర్ర గింజలు తిని చచ్చిపోయిన బాతులన్నీ ఆయనవే."