మిగలాల్సిన ట్రే

తారాబాయి సంచిలో వేసుకున్న టమాటాలను ఒక్కొక్కటిగా తీసి మళ్ళీ ట్రేలో పెట్టేసింది. కిలో ఇరవై అయిదంటే తనవల్ల కాదని, చింతపండుతో సరిపెట్టుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది. మేడ్చల్‌లోని ఆ సూపర్ మార్కెట్‌లో కూరగాయల తూకం దగ్గర కూర్చునే మాధవీలతకు ఇలాంటివి చూసీ చూసీ మనసు మొద్దుబారిపోయింది.

రైతు నష్టపోకూడదని సర్కారు కొత్త నిబంధన పెట్టింది. దుకాణాలు రైతుకు కిలోకు పద్దెనిమిది ఇవ్వాలి, జనానికి ఇరవై అయిదుకు తక్కువ అమ్మకూడదు. అమ్మితే జరిమానా. బయట మార్కెట్ యార్డులో రైతుకు నాలుగు రూపాయలు కూడా రావడం లేదు కాబట్టి అది మంచి రేటే. కానీ ఇరవై అయిదుకు కొనేవాళ్ళే లేరు. ఇదివరకు సాయంత్రమైతే మెత్తబడ్డవాటిని పది రూపాయలకు ఇచ్చేసేవారు, కూలికి వెళ్ళొచ్చే ఆడవాళ్ళంతా అప్పుడే వచ్చేవారు. ఇప్పుడు అవే టమాటాలు వెనక గోడ పక్కన కుళ్ళుతున్నాయి.

మేనేజర్ జైపాల్ నెల మొదట్లోనే తేల్చి చెప్పాడు.

"రోజు ఎనిమిది ట్రేలు దెప్పిస్తున్న. మూసేటాలకు ఒక్క ట్రే కన్న ఎక్కువ మిగిలితే ఇగ బంద్. సెక్షనే ఎత్తేస్త. రైతుకు జెప్పిన, నీకు గూడ జెప్తున్న."

సెక్షన్ పోతే ఆమె ఉద్యోగమూ పోయినట్టే. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. అయినా భయపడే ఓపిక కూడా మిగల్లేదు.

ఇన్నాళ్ళూ ఆమెను గట్టెక్కించింది ఎంకయ్యే. బిల్లుకు ఫోన్ నంబర్ కొడితే తెర మీద ఆ పేరు వస్తుంది, అంతకుమించి ఆయన గురించి ఏమీ తెలియదు. రోజూ దుకాణం మూసే ముందు వచ్చి, ఎన్ని ట్రేలు మిగిలాయని అడుగుతాడు. ఒకటి వదిలేసి మిగతావన్నీ తూయించుకుంటాడు. బేరమాడడు. వేళ్ళకు ఎప్పుడూ ముదురాకుపచ్చ మరక. కండ్లకోయలో కాలేజీ పిల్లలకు మెస్ నడుపుతున్నాడు కాబోలు, అది కొత్తిమీర తరిగిన మరకై ఉంటుందని ఆమె అనుకుంది. ఆ ఒక్క ట్రే వెనకాల వచ్చేవాళ్ళ కోసం వదులుతున్నాడని, మంచి మనిషని కూడా అనుకుంది.

ఆ రోజు మూడు ట్రేలు మిగిలాయి. ఎంకయ్య రెండు తూయమన్నాడు.

"మస్తు మెత్తగున్నయి తాతా. జర ఏరుకో."

"ఏం గాదు బిడ్డా. మా ఇంట్ల తినెటోళ్ళు ఏరరు."

"రేపు గూడ వస్తవా?"

"రాకుంటె ఎట్ల?" అన్నాడు. నవ్వలేదు.

ఆయన గోనెసంచి భుజానికెత్తుకుని వెళ్తుంటే మాధవీలతకు చాలా రోజుల తర్వాత కళ్ళు చెమర్చాయి. ఎవరి కన్నబిడ్డనో ఈయన ఊరికే కాపాడుతున్నాడే అనిపించింది.

మర్నాడు సరుకు దింపించుకునే మనిషి రాలేదని జైపాల్ ఆమెను పొద్దున ఆరింటికే పిలిపించాడు. ఆ వేళప్పుడు ఆమె దుకాణానికి రావడం అదే మొదలు. రావల్కోల్ నుంచి టమాటా రైతు వచ్చాడని, ట్రేలు లెక్కపెట్టి సంతకం తీసుకొమ్మని రిజిస్టర్ చేతికిచ్చాడు. ఆమె వెనక గేటు దగ్గరికి వెళ్ళింది. ఆటోలోంచి ట్రే దించి, టమాటా చెట్ల పసరంటిన వేళ్ళు తుడుచుకుంటూ ఆ మనిషి ఇటు తిరిగాడు.

ఆ రైతు ఎంకయ్య.