బగారన్నం ముందు ప్రార్థన

“టికెట్ నీకే అనుకున్నమక్కా. గానీ గీ ప్రార్థనల లొల్లే మాకు తలనొప్పయింది,” అన్నాడు రాఘవేంద్ర.

కార్పొరేటర్ అభ్యర్థిని తేల్చి రమ్మని పార్టీ పంపిన పరిశీలకుడాయన. నాచారంలో ఒక ఫంక్షన్ హాల్ పైఅంతస్తులో, భోజనాల బల్లకు ఒకవైపు ఆయన, సుశీలమ్మ కూర్చున్నారు. ఎదురుగా త్రిమూర్తులు, ఆయన భార్య శ్యామలాదేవి. ఈసారి ఆ డివిజన్ ఆడవాళ్ళకు వచ్చింది. పోటీ సుశీలమ్మకూ శ్యామలాదేవికీ. శ్యామలాదేవి తరఫున మాట్లాడేదంతా మొగుడే.

“లొల్లేంది సార్? నేనెవరి ఇంటి మీదికన్న పోయి జేసిన్నా?” అంది సుశీలమ్మ.

“ఇళ్ళ మీద కాదండీ, రోడ్ల మీద!” త్రిమూర్తులు అందుకున్నాడు. “మొన్న డ్రైనేజీ పని మొదలెడుతూ అందరం కొబ్బరికాయ కొడుతుంటే ఈవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన! ఉప్పల్ బస్టాపులో ఎవరో ముసలమ్మకి కళ్ళు తిరిగితే తలమీద చెయ్యేసి ప్రార్థన! ఇలాగైతే కాలనీల్లో ఓట్లు రాలతాయా సార్?”

“ప్రార్థన జేసి ఊకున్ననా? ఆటోల ఏసుకొని దవాఖానకు నేనే తోల్కపోయిన. గప్పుడు నువ్వేడున్నవ్ త్రిమూర్తులన్నా?”

దెబ్బ గట్టిగానే తగిలింది. త్రిమూర్తులు మాట మార్చాడు.

“అదలా ఉంచండి సార్. మా శ్యామలైతే ఏ మండపానికి పిలిచినా వెళ్తుంది, హారతి పడుతుంది. ఎవరూ వేలెత్తి చూపలేరు.”

“ఊరుకోండీ,” అంది శ్యామలాదేవి నెమ్మదిగా. ఆ పూట ఆవిడ మాట్లాడింది అదొక్కటే.

రాఘవేంద్ర చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు.

“ఇగో సుశీలక్కా, నీ పని మీద ఎవ్వలకూ అనుమానం లేదు. ఎవరి దేవుడు వాళ్ళకు, నాకేం ఫికర్ లేదు. ఓట్లు అయిపోయేదాక జనంల ప్రార్థన చెయ్యనని ఒక్క మాట ఇయ్యి. ఇంట్ల తలుపేసుకొని ఎంతసేపన్న చేస్కో. మాటిస్తే టికెట్ నీది. లేకుంటే శ్యామలమ్మది. గంతే.”

సుశీలమ్మకు ఒళ్ళు మండిపోయింది. బోనాలకు నీళ్ళ ట్యాంకర్ కావాలన్నా, గణేశ్ మండపానికి కరెంటు కావాలన్నా కాలనీవాళ్ళు తట్టేది ఆమె తలుపే. బొట్టులేని మొహమని ఎవరూ గుమ్మంలోంచి వెనక్కి పోలేదు. ఇప్పుడు ఈ పెద్దమనుషులకు తన ప్రార్థన అడ్డొచ్చిందట! పోనీ, ఆ టికెట్ మీద ఆశ లేదా అంటే, లేకేం? బోలెడంత ఉంది. నల్లా నీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్ళరిగిన మనిషి. అదే పని కుర్చీలో కూర్చుని చేయించాలని ఎంత కోరికో ఆమెకే తెలుసు.

ఇంతలో బగారన్నం, కోడికూర వచ్చాయి. ప్లేట్లు నిండాయి. మసాలా వాసనకు రాఘవేంద్ర మొహం విప్పారింది.

“తినుకుంట ఆలోచించక్కా,” అన్నాడు ముక్క కొరుకుతూ.

సుశీలమ్మ చెయ్యి అన్నం మీదికి పోలేదు. ప్రార్థన లేకుండా మెతుకు నోట పెట్టిన మనిషి కాదు. కళ్ళు తెరుచుకునే మనసులో రెండు మాటలు అనుకుని తినేస్తే దేవుడేమీ కోప్పడడు, ఆ సంగతీ ఆమెకు తెలుసు. కానీ ఇవాళ ఇది దాచుకుంటే, రేపు ఆ కుర్చీ కోసం ఇంకేం దాచమంటారో! చచ్చినా ఆ పని చెయ్యకూడదనుకుంది.

“సార్, గా మాట నేనియ్య. ప్రార్థన జేసుకొనే తింట. టికెట్ పోతే పోనీ.”

రాఘవేంద్ర నమలడం ఆపేశాడు. త్రిమూర్తులు మొహం చాటంత అయింది.

“చూశారా సార్? నేను చెప్తే నమ్మారు కాదు! చెయ్యండి సుశీలమ్మగారూ, చెయ్యండి. గొణుక్కోవడం కాదు, పైకే చెయ్యండి. జనంలో ఈవిడ ఏం మాట్లాడుతుందో సారు కూడా చెవులారా వినాలి.”

“గదెంత పని!” అంటూ సుశీలమ్మ కొంగు తలమీదికి తీసుకుంది. కళ్ళు మూసుకుంది.

“ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ ఆహారము కొరకు నీకు స్తోత్రములు. పొయ్యి సెగలో నిలబడి దీనిని వండిన చేతులను దీవించుము. రాఘవేంద్ర సారుకు మంచి ఆరోగ్యమును దయచేయుము. త్రిమూర్తులన్న కుటుంబమును చల్లగా చూడుము. ఈ టికెట్టు ఎవరికి వచ్చినను, మా బస్తీ నల్లాలలో నీళ్ళు వచ్చునట్లు కృప చూపుము. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము మా పరమ తండ్రీ...”

అక్కడ ఆగింది. చర్చిలో అలవాటు మరి! ప్రార్థన చేసేవాళ్ళు అక్కడ ఆగితే, చివరి మాట కూడినవాళ్ళంతా అందుకుంటారు. ‘అయ్యో నా పిచ్చిగానీ, ఇక్కడ అందుకునేవాళ్ళెవరున్నారు!’ అని తనే అనబోయింది.

“ఆమెన్!”

హాలు మారుమోగింది. సుశీలమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. పక్కన రాఘవేంద్ర నోరు తెరుచుకుని బల్ల అవతలికే చూస్తున్నాడు.

అక్కడ త్రిమూర్తులు చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆ పక్కనే శ్యామలాదేవి తలమీదికి లాక్కున్న కొంగు ఇంకా దించలేదు.