నత్త గుమ్మంలో పీత

గాలి కూడా దారిలో నాలుగుసార్లు కూలబడి ఆయాసం తీర్చుకుంటేగానీ చేరలేని దీవులవి. అక్కడ నేలమీదా నీళ్లలోనూ ఎవరెవరు బతికున్నారో లెక్క చూసి రమ్మని సముద్రం ఒక ముసలి తాబేలుకి పురమాయించింది. తొంగి చూసి చూసి పాపం దాని మెడ తాటిచెట్టంత సాగింది.

ఒడ్డున నత్తగుల్లలు కుప్పలుకుప్పలుగా కదులుతున్నాయి.

"నత్తలకేం, కొల్లలుగా ఉన్నాయి," అంది తాబేలు.

దగ్గరి గుల్లలోంచి సొంత గుల్ల లేని సన్యాసి పీత ఒకటి తల బయటపెట్టింది. "ఇళ్లు నత్తలవే తాతా, కాపురాలు మావి. అవి చచ్చిపోతే మేం దూరాం. నిజం నత్త నా పక్కనున్న ఇదొక్కటే. అదీ నిండు చూలాలు."

"మరి దాని గుమ్మంలో నీకేం పని?"

"నా ఇల్లు ఇరుకైపోయింది. ఇదెప్పుడు పోతుందా అని కూర్చున్నాను."

తాబేలు మెడ వంచి నత్తకేసి చూసింది.

"ఇది పోతే నీకు ఇల్లొస్తుంది. నీ పిల్లలకి ఇళ్లెవరు కడతార్రా?"

పీత ఇరుకు గుల్లలోనే ఒళ్లు ముడుచుకుంది.

సాయంత్రం కొంగ ఒకటి వాలి నత్త మీదికి మెడ చాచింది. గుమ్మంలోంచి పీత డెక్క కొంగ ముక్కుకి అడ్డంగా పైకి లేచింది.