గుండు బల్బు

"మీటరు గిరగిరా తిరుగుతాండాది! కరెంటంతా ఇదే తాగుతాండాది!" ఇంటి ఓనరు కంబన్న కోడిపిల్లల పెట్టె మీద వేలాడుతున్న గుండు బల్బును పీకి గోడకేసి కొట్టాడు.

"వద్దప్పా, ఆ బల్బు వేడి లేకుంటే పిల్లలు చలికి..." అద్దెకున్న దౌలత్ బీ అడ్డం వచ్చింది.

ఆమెను తోసుకుంటూ ఎల్‌ఈడీ బిగించాడు. "ముందుకన్నా వెలుతురు శానా ఉండాది. ఇంకేం కావాల? మల్లా మార్చినావంటే ఇల్లు ఖాళీ చేయాల."

తెల్లారేసరికి ఆ తెల్లటి వెలుగు కిందే పిల్లలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి బిగుసుకుపోయి ఉన్నాయి.

దౌలత్ బీ ఏడవలేదు. పెట్టె తెచ్చి కంబన్న వాకిట్లో కుమ్మరించింది.

"నా గడప ముందర ఏందే ఈ పీనుగులు?"

"నువ్వు పాలికిచ్చిన పిల్లలే కదప్పా. పెంచినాక నీకు సగం, నాకు సగమంటివి. నీ సగం ఏరుకో."