ఆఖరి పొట్లం

"పన్నెండు కొట్టేలోపు రాసినవాని పేరు చెప్పు. లేకుంటే టీసీ రాసి చేతిలో పెడతా."

హెడ్మాస్టరు దేవేంద్రప్ప గడియారం వైపు చూశాడు. ఇంకా పది నిమిషాలుంది.

ఎదురుగా మహాదేవమ్మ నిలబడింది. ఎస్సెల్సీ పరీక్షలు ఇంకో నెలలో. ఆ ఊళ్లో అంతదాకా చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

"నాకు తెల్దు సార్. పొట్లాల్లో వచ్చింది వచ్చినట్టు ఎత్తి రాసుకున్నా."

బల్ల మీద ఆమె నోటుబుక్కు. పక్కన నలిగిన శనక్కాయల పొట్లాలు. వాటి నిండా పెన్సిలుతో రాసిన కథ.

ఎప్పుడో రాబోయే రెండువేల సంవత్సరంలో ఒక ఊరు. బావులన్నిటికీ తాళాలు. మెడలో బిళ్ల ఉన్నవాళ్లకే నీళ్లు. వాన అన్న మాట పలికితే ఊరి నుంచి వెలి.

నెల రోజులుగా బడి బడంతా పాఠాలు వదిలేసి అదే చదువుతోంది. సర్కారును తిట్టే కథని ఎవరో కర్నూలుకు ఉత్తరం రాశారు. రేపు బళ్ల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

దేవేంద్రప్ప రెండు వందల మంది పిల్లల చేతిరాతలు చూశాడు. పంతుళ్ల రాతలూ చూశాడు. ఒక్కటీ కలవలేదు.

"బయట ఉండే కరువు చాల్లేదా మీకు? కథలో కూడా కరువే కావాల్నా?"

"వాచకంలో నెలకు మూడు వానలు పడతాండాయి సార్. మేం పుట్టినంక అట్లా యాడా చూడలా. ఈ కథలో బావి మా బావి మాదిరే ఉండాది. చదివితే భయమేస్తాది. కానీ అందులో ఒక పిల్ల, తాళంచెవి యాడుందని అడుగుతాది. ఆ పిల్లకేమైతాదోనని నిద్ర పట్టదు."

ఆయనకూ పట్టడం లేదు.

మొన్న, గేటు దగ్గర ఆ పొట్లాలమ్మే ముసలి సిద్దమ్మను ఈ గదిలోకే పిలిచి తలుపేశాడు.

"ఈ కాగితాలు నీకెవరిస్తాండారు?"

"పాత కాగితాలు సామీ."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఇక గేటు దగ్గర కూర్చోనని ఆమె పేర దేవేంద్రప్పే కాగితం రాసి, ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు. సిద్దమ్మ చిన్నగా నవ్వి, వేలిముద్ర వేసి పోయింది.

బంట్రోతు ఏసేపు తలుపు తోసుకుని వచ్చాడు.

"సార్, సిద్దమ్మ గుంతకల్లు బస్సెక్కి పాయె. గేటు కాడ కూర్చోనీకపోతే ఈడ బతికేదెట్లా అనె. ఈ పొట్లం మహాదేవమ్మకియ్యమనె."

"మళ్లీ ఎప్పుడొస్తాదంట?"

"రాదంట సార్."

దేవేంద్రప్ప పొట్లం విప్పాడు. శనక్కాయలు బల్ల మీద దొర్లాయి. కథలో ఆఖరి భాగం.

తాళంచెవి అడిగిన పిల్లను ఊరిపెద్ద తన గదిలోకి పిలిచి తలుపేశాడు. ఊరు విడిచిపోతానని కాగితం రాసి, ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు. పెన్ను ఆయన పక్కనే ఉంది. నీకు రాయడం వచ్చా అని అడగలేదు.

ఆయన మళ్లీ చదివాడు. మొన్న ఈ గదిలో ఉన్నది ఇద్దరే.

బయట పన్నెండు గంటలు కొట్టారు. మహాదేవమ్మ కళ్లు తుడుచుకుంది.

"నిజంగా నాకు తెల్దు సార్."

దేవేంద్రప్ప టీసీ కాగితాన్ని రెండుగా చించాడు.

"నాకు తెలిసిందిలేమ్మా," అన్నాడు. "రాసింది సిద్దమ్మ."